రోడ్డు మీద పొయ్యి, పొయ్యి మీద పావ్లీనా

బొగ్గుగని కంపెనీ వారి నల్లబండి వీధిలోకి వచ్చిందంటే పెన్సిల్వేనియాలోని గ్రేబిల్ గుట్టలో ఆడవాళ్ళందరూ తలుపులు వేసుకునేవారు. బండి తమ ఇంటి ముందు ఆగకూడదని ప్రతి ఒక్కతీ మేరీమాతకు మొక్కుకునేది. అది తమ గడప దాటిపోయి పక్కింటి ముందు ఆగితే, అదే తల్లికి దండం పెట్టి కృతజ్ఞతలు చెప్పుకునేది. అక్కడి భక్తి అలాంటిది. బండివాడిది మరీ తొందర. ఇంట్లో మనిషి ఉంటే శవాన్ని అప్పగించేవాడు, లేకపోతే పాలవాడు చెంబు పెట్టిపోయినట్టు అరుగు మీద పెట్టిపోయేవాడు.

నవంబరులో ఒక మధ్యాహ్నం ఆ బండి పావ్లీనా ఇంటి ముందు ఆగింది. ఆమె మొగుడు ఒండ్రేయ్ మీద గనిలో బండ పడింది. బండివాడు శవం భుజాలు పట్టుకుని, వాడి తోడువాడు కాళ్ళు పట్టుకుని గుమ్మంలో కాలు పెట్టబోయారు.

"బూట్లు విప్పండి," అంది పావ్లీనా.

"ఏంటమ్మా?"

"నేల ఇప్పుడే తుడిచాను. చచ్చిన మనిషి బూట్లు ఎవడో లాక్కుపోయాడు. బతికున్న మీకేం రోగం, విప్పడానికి?"

విప్పారు. శవాన్ని బల్ల మీద పడుకోబెట్టి, మేజోళ్ళతోనే బురదలోకి దిగి, బూట్లు చంకన పెట్టుకుని పోయారు. తలుపుల సందుల్లోంచి చూసిన అమ్మలక్కలు ఆమెకు గుండె లేదన్నారు. పావ్లీనాకు గుండె ఉంది. దాన్ని ఆ వీధికి చూపించేటంత విలువ ఆ వీధికి ఉందని ఆమె ఎన్నడూ అనుకోలేదు, అంతే.

ఆమె పూటకూళ్ళ ఇల్లు నడిపేది. కంపెనీ ఇచ్చిన రెండు గదుల చెక్క ఇంట్లో మొగుడు, ఇద్దరు కూతుళ్ళు, ఆ పైన పెళ్ళాలను స్లోవాక్ పల్లెల్లో వదిలి వచ్చిన మగమంద. పగటి షిఫ్టువాడు లేచిన మంచంలో రాత్రి షిఫ్టువాడు పడుకునేవాడు. ఆ మంచాలు చల్లారగా చూసినవాళ్ళు లేరు. వాళ్ళకు ఆమె బంగాళదుంప ఉండలు ఉడకబెట్టేది, క్యాబేజీ వేయించేది, బట్టలు ఉతికేది. ఉతికిన నీళ్ళు పారబోస్తే గడ్డి నల్లగా మొలిచేది. ఆ మగాళ్ళు సాయంత్రం తొట్టిలో కూర్చుని మొహం, రొమ్ము, చేతులు తెల్లగా తోముకునేవారు. వీపు మాత్రం కడిగేవారు కాదు. వీపు కడిగితే నడుములో బలం కారిపోతుందని నమ్మకం. అందుచేత గ్రేబిల్ గుట్టలో ఏ మగాడైనా ముందు నుంచి చూస్తే పెళ్ళికొడుకు, వెనక నుంచి చూస్తే కుండ అడుగు.

అన్నిటికన్నా పెద్ద నమ్మకం ఇంకోటి ఉంది. పొద్దున్నే గనికి పోతుంటే ఆడది ఎదురు రాకూడదు. వస్తే ఆ రోజు బండ పడుతుంది, లేకపోతే గనిలో గాలి అంటుకుని పేలుతుంది. ఇది మొదట వచ్చిన వేల్సువాళ్ళు మూటలో కట్టి తెచ్చుకున్న నమ్మకం. తర్వాత వచ్చిన ఐరిషువాళ్ళను వేల్సువాళ్ళు పశువులుగా చూశారు. ఆ తర్వాత వచ్చిన స్లోవాకులను ఐరిషువాళ్ళు పశువుల కింద కూడా లెక్కవేయలేదు. మేస్త్రీ పని, గట్టి నేల, మంచి గది ఎవరూ ఎవరికీ ఇవ్వలేదు కానీ ఈ ఒక్క భయాన్ని మాత్రం అందరూ అందరికీ ధారాళంగా పంచిపెట్టారు. అందువల్ల పొద్దున షిఫ్టుకు పిలిచే గని కూత ఆగేదాకా ఆడవాళ్ళు గడప దాటేవారు కాదు. పావ్లీనా కూడా మొగుడికి అన్నం డబ్బా అందించి, గోడ వైపు తిరిగి నిలబడేది. పెళ్ళయిన నాటి నుంచి ఒక్క పొద్దున కూడా ఆయన్ను గుమ్మం దాకా సాగనంపలేదు.

పాతిపెట్టి వచ్చిన మర్నాడు మేస్త్రీ గ్రిఫిత్ ప్యూ వచ్చాడు. వేల్సువాడు, చర్చిలో పెద్దమనిషి, అద్భుతంగా పాడతాడు. పాట ఆపితే అతనిలో ఇంకేమీ లేదు.

"కంపెనీ ఇల్లు కంపెనీలో తవ్వేవాడికమ్మా," అన్నాడు టోపీ తిప్పుకుంటూ. "నీకు కొడుకులు లేరాయె. శనివారం లోపల తవ్వేవాడెవణ్ణైనా కట్టుకో. లేదంటే ఖాళీ చెయ్యి. నా మాట కాదు, దొరగారి రూలు."

"ఆయన ఇంకా సరిగ్గా చల్లారలేదు, ప్యూ."

"మరి బొగ్గు ఆగదు కదమ్మా."

ఆ సాయంత్రమే ఇంట్లో అద్దెకుండే మనుషుల్లో పెద్దవాడు మటూష్ మీసాలకు కొవ్వు రాసుకుని వంటింట్లోకి వచ్చాడు. వచ్చి, మొదట ఆమెను చూడలేదు. ఒండ్రేయ్ మంచం పొడుగు జానలతో కొలిచాడు.

"వదినా, నాకు సరిపోద్ది," అన్నాడు.

"ఏంటి సరిపోయేది?"

"మంచం. అంటే... మనం పెళ్ళి చేసుకుంటే. నాకు తాగుడు ఆదివారమే. కొట్టను కూడా, అన్నం మాడితే తప్ప."

పావ్లీనా గరిటె దించకుండా అతన్ని పై నుంచి కింద దాకా చూసింది.

"వెనక్కి తిరుగు మటూష్."

తిరిగాడు.

"చొక్కా ఎత్తు."

ఎత్తాడు, సిగ్గుపడుతూ.

"ఆ వీపును నా దుప్పట్ల మీద పెట్టడానికి ఒప్పుకుంటే నేను ఒక్కసారి కాదు, రోజూ విధవనవుతాను. పో, అన్నం తిని పడుకో. నీ మంచం మీదే."

ఇక ఆమెకు అడగడానికి మిగిలింది గని దొర. శుక్రవారం నల్ల శాలువా కప్పుకుని గుట్ట మీది ఆఫీసుకు వెళ్ళింది. విన్‌స్లో దొర చేతులు రొట్టెపిండిలా తెల్లగా ఉండేవి. ఆ చేతుల్ని ఊపుతూ ఆమెకు అమెరికా చరిత్రంతా చెప్పాడు. ఒకప్పుడు ఈ నల్లరాయిని అంటించడం కూడా ఎవరికీ చేతకాలేదట, దారిలో గుంటలు పూడ్చుకున్నారట. ఆ తర్వాత కాలువలు తవ్వారు, కాలువల పక్కన రైళ్ళు వేశారు. ఆ రాయితోనే ఇనుము కరిగించారు, ఆ ఇనుముతో వంతెనలు కట్టారు, వంతెనల మీదుగా మళ్ళీ ఇదే రాయిని న్యూయార్కు పొయ్యిల్లోకి తోలారు. "పెన్సిల్వేనియా బొగ్గు ఒక్క వారం ఆగితే ఈ దేశం చలితో చస్తుందమ్మా. అంత గొప్ప పనిలో మీ ఆయన పాలు పంచుకున్నాడు. గర్వపడు," అన్నాడు.

"గర్వపడతాను దొరా. ఇంట్లో కూర్చుని పడనా, రోడ్డు మీద కూర్చుని పడనా?"

"రూలు రూలే."

"ఆయన మీద పడిన బండకు కూడా రూలుందా?"

"అది ఆయన తప్పు. ఆసరా దుంగ సరిగ్గా పెట్టుకోలేదు."

దుంగలు అడిగిన వారం రోజులకు కానీ పంపరని, అప్పటిదాకా పైకప్పు కింద క్రీస్తు పేరు తలుచుకుంటూ తవ్వాలని ఒండ్రేయ్ చెప్పేవాడు. ఆ మాట ఆమె దొరకు చెప్పలేదు. రాయి ఎక్కడైనా రాయే, గనిలో ఉన్నా కుర్చీలో ఉన్నా. ఇంటికి వచ్చేసింది.

శనివారం కంపెనీ పోలీసులు వచ్చారు. వాళ్ళు ఫిలడెల్ఫియా నుంచి కొత్తగా దిగినవాళ్ళు. బంగారు బొత్తాలున్నాయి, ఊరి సంగతి తెలియదు. పొద్దెక్కితే జనం గుమిగూడతారని తెల్లవారకముందే వచ్చి పని కానిచ్చారు. అద్దె మనుషులు తమ అన్నం డబ్బాలు పట్టుకుని ఒక్కొక్కడే పెరటి గోడ దూకి జారుకున్నారు. మటూష్ మాత్రం మంచం బయటికి మోయడంలో పోలీసులకు సాయం పట్టాడు, అది ఎక్కడ పెడతారో చూసుకుందామని. పక్కింటి జుజా పిల్లలిద్దర్నీ తన ఇంట్లోకి లాక్కుని తలుపు వేసుకుంది. పోలీసులు ఈకల పరుపులు, తొట్టి, సిలువ, చివరికి ఇనప పొయ్యి కూడా మోసి వీధిలో పెట్టారు. ఆ వీధి గనికి పోయే దారి. పావ్లీనాకు నిలబడే ఓపిక లేక, ఇంకా వెచ్చగా ఉన్న పొయ్యి మీద కూర్చుంది.

అప్పుడు కూత వేసింది. మలుపు తిరిగి పగటి షిఫ్టు వచ్చింది. ముందు ప్యూ, వెనక నూర్ల కొద్దీ దీపాలు. దీపాల వెలుగులో పొయ్యి మీద నల్ల శాలువాలో ఆడమనిషి, అందులోనూ మొగుణ్ణి మింగింది. ప్యూ నోట్లో ఉన్న భజన సగంలో ఆగిపోయింది. ఎవరూ కేకలు వేయలేదు. తలలు దించుకుని, వచ్చిన దారినే, గొర్రెల్లా వెనక్కి తిరిగారు. పావ్లీనాకు కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక, మొగుడు పోయిన నాటి నుంచి మొదటిసారి నవ్వింది. పోలీసులకు ఆమె ఎందుకు నవ్విందో తెలియలేదు. ఆమెను ఆ చోట, ఆ వేళకు మోసుకొచ్చి కూర్చోబెట్టింది వాళ్ళే.

ఆదివారం సెలవు. సోమవారం తెల్లవారకముందే ఆమె మళ్ళీ పొయ్యి ఎక్కింది. ఈసారి అందులో నిప్పు కూడా వేసుకుంది. కాఫీ కాచుకుంది. షిఫ్టు మలుపు దాకా వచ్చి, చూసి, మళ్ళీ తిరిగిపోయింది. పగటివాళ్ళు దిగని గనిలోకి రాత్రివాళ్ళు కూడా దిగలేదు.

ప్యూ ఒక్కడూ కళ్ళ మీద టోపీ లాక్కుని, అడ్డంగా ఎండ్రకాయలా నడుస్తూ దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, లోపలికి పో తల్లీ. నీకు పుణ్యముంటుంది."

"ఏ లోపలికి? నీ రూలు ప్రకారం నాకు బయటే ఉంది."

"మా ప్రాణాలతో చెలగాటమా?"

"ప్యూ, ఇటు చూడు. ఒండ్రేయ్ పోయిన పొద్దున నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను. పిల్లలు పక్క మీద ఉన్నారు. జుజా తలుపు కూడా వేసే ఉంది. ఏ ఆడది ఎదురొచ్చిందని బండ పడింది?"

ప్యూ చాలాసేపు ఆలోచించాడు. అతని ఆలోచన మొహం మీద బండి లాగే గాడిదలా కనబడేది.

"కిటికీలోంచి చూసుంటావు," అన్నాడు చివరికి. "నీకే తెలియకుండా."

పావ్లీనా కాఫీ కప్పు పక్కన పెట్టింది. ఆ మాటకు ఏడుపు వచ్చి ఉండవచ్చు, రాకపోయి ఉండవచ్చు. పొయ్యి పొగ కూడా ఉంది. "పో," అంది. "నీ మొహం చూస్తే నాకే అపశకునం."

వీధిలో కూర్చోకూడదని కంపెనీ రూలేదీ లేదు కనుక, మంగళవారం దొర వడ్రంగులను పంపి పొయ్యి చుట్టూ గోనెపట్టాలతో తెర కట్టించాడు. తెర ముందు నూర్లమంది మగాళ్ళు నిలబడి, కనబడని ఆడది ఎదురొచ్చినట్టా కాదా అని వాదించుకున్నారు. అలాంటి వాదన పోపుగారి సభలో కూడా జరిగి ఉండదు. కనబడితేనే దోషమని లిథువేనియా వాడొకడు అన్నాడు. దేవుడూ కనబడడు, అయినా ఉన్నట్టే కదా అని ఐరిషువాడు కొట్టిపారేశాడు. తెర మీద నీడ పడితే సగం దోషమని ప్యూ తీర్పు చెప్పాడు. సగం దోషానికి సగం బండ పడుతుందా అని మటూష్ నిజంగానే అడిగాడు. అంతలో తెర వెనక పావ్లీనా తుమ్మింది. వాదన ముగిసింది. అందరూ ఇళ్ళకు పోయారు.

ఇళ్ళలో వాళ్ళ పెళ్ళాలకు ఒళ్ళు మండింది. రోజంతా మొగుళ్ళు పొయ్యి పక్కన కూర్చుని తింటూ, ఉమ్ముతూ ఉంటే ఎవరికి మాత్రం మండదు? జుజా చీపురు పట్టుకుని వచ్చింది.

"పావ్లీనా! నీ ఇంటి కోసం మా ఇళ్ళు మాడ్చుతావా?"

"నేను ఎవణ్ణైనా ఆపానా? నా చేతిలో కర్ర ఉందా? మీ ఆయన్ను దాటి పొమ్మను. నేను లేచి కూడా చూడను."

జుజా వెనక్కి పోయింది. కాసేపటికి చీపురు దెబ్బలు, మగ కేకలు వినబడ్డాయి. ఆ మొగుడు పెళ్ళాం చేతిలో దెబ్బలు తిన్నాడు కానీ గడప దాటలేదు. సాయంత్రం జుజా మళ్ళీ వచ్చింది. ఈసారి ఆమె చేతిలో క్యాబేజీ చారు గిన్నె ఉంది.

"గాలి అంటుకుని పేలే గనిలోకి పాటలు పాడుకుంటూ దిగుతారు," అంది గిన్నె అందిస్తూ. "పాచిపోయిన దుంగల కింద పడుకుని నిద్రపోతారు. లంగా చూస్తే మాత్రం ఉచ్చ పోసుకుంటారు."

"వీళ్ళనేనా దొర అమెరికాను నిలబెట్టారని మెచ్చుకుంది?"

"నిలబెట్టారేమో. పాపం అమెరికా."

"నల్లబండి ఆగిన రోజున నువ్వు తలుపు వేసుకున్నావు, జుజా."

"వేసుకున్నాను. నీ ఇంటి ముందు కాక నా ఇంటి ముందు ఆగితే నువ్వు తీసేదానివా?"

పావ్లీనా చారు తాగింది. ఉప్పు తక్కువైంది. అయినా ఆ మాట అనలేదు. ఆమె ఆ వీధిలో ఎవరికీ అంతకన్నా పెద్ద మర్యాద చేసి ఎరగదు.

చలి ముదిరింది. రాత్రుళ్ళు పిల్లలతో జుజా వాళ్ళ బొగ్గుకొట్టంలో ముడుచుకునేది. చిన్నదానికి దగ్గు పట్టింది. ఇంకో వారం ఇలాగే గడిస్తే ఇల్లు దక్కినా పిల్ల దక్కదేమోనని పావ్లీనాకు మొదటిసారి భయం వేసింది. మటూష్‌ను కట్టుకోవడం ఎంత కష్టమని కూడా ఒక క్షణం అనుకుంది. అతని వీపు గుర్తు తెచ్చుకుని మానుకుంది.

గని దగ్గర రైలుపెట్టెలు ఖాళీగా బారులు తీరాయి. కింద లోయలో ఇనప కొలిమివాళ్ళు తంతి మీద తంతి కొట్టారు. కారణం రాయడానికి దొరకు సిగ్గేసింది. పొయ్యి మీద ఒక విధవ కూర్చుందని న్యూయార్కుకు ఎలా రాస్తాడు? శుక్రవారం ఆయనకు పౌరుషం వచ్చింది. "ఈ మూఢులకు నేనే చూపిస్తాను," అని కొత్త తోలు బూట్లు తొడుక్కుని, ఆఫీసు గుమాస్తాలను వెంటబెట్టుకుని, కావాలనే పావ్లీనా ముందు నుంచి నడిచి, ఆమెకు టోపీ ఎత్తి మరీ నమస్కారం చేశాడు.

"జాగ్రత్త దొరా," అంది పావ్లీనా. అందులో శాపం లేదు, దీవెనా లేదు. పిల్లి గడప దాటినా ఆమె అంతే అనేది.

దొర తన వాళ్ళతో గని బావి మీది ఇనప బోను ఎక్కాడు. దాన్ని బావిలోకి దించే ఇంజనువాడు కూడా ప్యూ చర్చివాడే. దొర ఆడమనిషికి నమస్కారం చేసి మరీ వచ్చాడని అప్పటికే విని ఉన్నాడు. భయంతో వాడి చేతులు చలిలో కోడిపిల్లల్లా వణికాయి. ఒక పిడి లాగబోయి ఇంకో పిడి లాగాడు. బోను సగం బావిలో ధడాలున ఆగి, పక్కకు ఒరిగి, ఇరుక్కుపోయింది. దాన్ని విడిపించడానికి కిందికి దిగేవాళ్ళు కావాలి. దిగేవాళ్ళందరూ ఇళ్ళలో కూర్చున్నారు.

పొద్దు వాలేదాకా దొర ఆ చీకట్లో వేలాడుతూనే ఉన్నాడు. పై నుంచి నీళ్ళు కారాయి. ఒక గుమాస్తా ప్రార్థన చదివాడు, ఇంకొకడు అమ్మను పిలిచాడు. చివరికి పోలీసులు తాళ్ళు వేసి పైకి లాగినప్పుడు దొర మొహం బొగ్గుతో నల్లబడి, అరచేతులు మాత్రం తెల్లగా మిగిలాయి, మొహం కప్పుకోవడానికి కూడా వాటిని ఇనప చువ్వల నుంచి తీయలేదన్నమాట. తప్పు ఇంజనువాడిదని ఆయనకు చెప్పారు. ఆయన వినలేదు. చదువుకున్నవాడు ఒకసారి నమ్మడం మొదలుపెడితే వేల్సువాడు కూడా వాడి ముందు చాలడు. ఆ నాటి నుంచి దొర ఆఫీసుకు బయలుదేరేటప్పుడు ఆయన భార్య మేడ మీద గదిలో తలుపు వేసుకు కూర్చునేదని అక్కడి వంటమనిషి చెప్పేది.

ఆ సాయంత్రమే ప్యూ తాళంచెవి పట్టుకుని వచ్చాడు.

"ఇల్లు నీదేనమ్మా. తవ్వేవాడు ఉన్నా లేకపోయినా, నువ్వు బతికినంత కాలం. దొరగారు ఒప్పుకున్నారు. ఒక్కటే షరతు. కూత ఆగేదాకా నువ్వు బయటికి రాకూడదు."

పావ్లీనా తాళంచెవి తీసుకుంది. షరతు తీసుకోలేదు.

"లోపల నిలబడ్డన్నాళ్ళు నిలబడ్డాను. ఇక నిలబడను. పొద్దున్నే నా అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతాను."

"మరి షిఫ్టు ఎట్లా పోవాలి?"

"గుట్ట చుట్టూ తిరిగి పొండి. కాలువలు తవ్వారు, వంతెనలు కట్టారు, ఆ మాత్రం నడవలేరా?"

ప్యూ టోపీ పెట్టుకుని వెనక్కి తిరిగాడు. నడవలేమని ఎలా అంటాడు? వారం తిరక్కముందే కంపెనీ ఇంజనీర్లు గొలుసులు పట్టుకుని గుట్ట వెనక బురదలో కొత్త దారి కొలిచారు. బొగ్గుబూడిద పోసి, చెక్కలు పరిచి, రాత్రిలోగా పూర్తి చేశారు. ఆసరా దుంగలు మాత్రం మునుపటిలాగే అడిగిన వారానికి కానీ వచ్చేవి కావు.

అద్దె మనుషులు తిరిగి వచ్చారు. వేరే చోట అన్నం బాగాలేదట. మటూష్ కూడా వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. వీపు కడుక్కుంటే మంచం దొరుకుతుందని చెప్పింది. నడుము బలం పోతే తన బతుకేంటని ఏడుపు మొహం పెట్టి, పై వీధిలో ఒక పోలిష్ ఆవిడ ఇంట్లో చేరాడు. పిల్ల దగ్గు క్రిస్మస్ దాటాక తగ్గింది.

మగాళ్ళందరూ చీకట్లో గుట్ట వెనక బురదలో జారుతూ పోతుంటే, పావ్లీనా ప్రతి పొద్దునా అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చునేది. వసంతంలో ఒకరోజు పాత దారిలోనే ఒక మనిషి వచ్చాడు. ముందు రోజే రైలు దిగిన సిసిలీవాడు, అతనికి ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆమెను చూసి టోపీ తీసి, తన భాషలో ఏదో అని పళ్ళు కనబడేటట్టు నవ్వాడు. పావ్లీనా ఆశ్చర్యపోయి లోపలికి పోయి ఇంకో కప్పు తెచ్చింది. అతను నిలబడే కాఫీ తాగాడు, దండం పెట్టి గనికి పోయాడు, సాయంత్రం ఒక్క గీత కూడా పడకుండా తిరిగి వచ్చాడు. కానీ ఆ రోజు అతని పక్కన తవ్వడానికి ఒక్కడూ ఒప్పుకోలేదట. ఫాదరు వచ్చి పవిత్రజలం చల్లేదాకా అన్నం డబ్బా కూడా ముట్టుకోనివ్వలేదట.

మర్నాడు పావ్లీనా రెండు కప్పులు పెట్టుకుని కూర్చుంది. కూత వేసింది. గుట్ట వెనక్కి తిరిగే మలుపులో దీపాలు వరసగా కదిలాయి. చిట్టచివరి దీపం పట్టుకున్నవాడు టోపీని ముక్కు దాకా లాక్కుని, అరుగు వైపు చూడకుండా తల తిప్పుకుని నడుస్తున్నాడు. నిన్నటి సిసిలీవాడి నడకను ఆమె గుర్తుపట్టింది.

"ఒక్కరోజు మగాడు," అంది పావ్లీనా. రెండో కప్పు కాఫీ కూడా తనే తాగేసి, లోపలికి పోయి పిండి కలపడం మొదలుపెట్టింది.